నడిపేవాళ్లకి మర్యాదలు

మా ఇంట్లో బండి నడిపేవాళ్లంటే అందరికీ జాలి. మనమంతా వెనక సీట్లలో హాయిగా కూర్చుని కిటికీలోంచి చూస్తుంటాం, కబుర్లు చెప్పుకుంటాం, చేగోడీలు నములుతాం. స్టీరింగ్ పట్టుకున్న మనిషి మాత్రం, పాపం, ఒక్కడే కష్టపడుతున్నాడు. కాబట్టి అతనికి ఏ లోటూ రానివ్వకూడదు. ఆకలి వేయకముందే పెట్టాలి, నిద్ర రాకుండా మాట్లాడాలి, దారిలో ఏ అందం కనబడినా ముందు అతనికే చూపించాలి. దీన్ని మేము ప్రేమ అనుకునేవాళ్లం. ప్రేమే, కాదనను. కాకపోతే బండి గంటకి డెబ్బై మైళ్ల మీద పోతున్నప్పుడు ఆ ప్రేమని కాస్త పక్కన పెట్టాలని మాకు తట్టలేదు.

అప్పట్లో మేము మిషిగన్‌లో, నోవైలో ఉండేవాళ్లం. మా ఆయన బ్రేకుల ఇంజనీరు. ఎంత వేగంలో ఉన్న బండి ఎంత దూరం పోయి ఆగుతుందో లెక్కగట్టడమే ఆయన ఉద్యోగం. అలాంటి మనిషి నడిపే బండిలో ఎవరి డ్యూటీ ఏమిటో చెబుతాను, వినండి. నా డ్యూటీ ఫోను. డ్రైవ్ చేస్తూ టెక్స్ట్ చేయకూడదని చట్టం వచ్చిన కొత్త అది. మా ఆయనకి చట్టమంటే మహా గౌరవం, ఫోను వేలితో కూడా ముట్టుకునేవారు కాదు. నేను ఆయన చెవి దగ్గర పట్టుకునేదాన్ని, మెసేజ్‌లు చదివి వినిపించేదాన్ని, ఆయన చెప్పిన జవాబు కొట్టేదాన్ని. చట్టం ప్రకారం ఇద్దరం పత్తిత్తులమే.

తినిపించే డ్యూటీ మా అత్తగారిది. ఆవిడ గుంటూరు నుంచి ఆర్నెల్లు ఉండటానికి వచ్చారు. అడగందే అమ్మయినా పెట్టదంటారు గాని, మా అత్తగారు వద్దన్నా పెడతారు. రెండు సీట్ల మధ్య నుంచి ముందుకి వంగి, పులిహోర ముద్ద చేసి, "ఊఁ, నోరు తెరువు నాన్నా" అనేవారు. నలభై దాటిన ఆ ఇంజనీరు పిచ్చుకపిల్లలా నోరు తెరిచేవారు. పంటికింద మిరపకాయ పడితే కళ్లు మూసుకుని "హా హా" అనేవారు. నేను నవ్వేదాన్ని. హైవే మీద ఒక మనిషి కళ్లు మూసుకుంటే నవ్వొచ్చిందంటే మేము ఏ లోకంలో ఉండేవాళ్లమో ఆలోచించండి.

మా అమ్మాయికి అప్పుడు పదిహేనేళ్లు. డ్రైవింగ్ క్లాసు మొదటి భాగం పూర్తిచేసి లెర్నర్స్ తెచ్చుకుంది. పక్కన అమ్మో నాన్నో కూర్చుంటే నడపొచ్చు. దానికి ఒకటే పిచ్చి, మాకినా వంతెన. మిషిగన్ రాష్ట్రం రెండు ముక్కలుగా ఉంటుంది, మధ్యలో నీళ్లు. రెండు పెద్ద సరస్సులు కలిసేచోట ఆ రెండు ముక్కల్నీ కలుపుతూ మైళ్ల పొడుగున వేలాడే వంతెన అది. లోపలి లేన్‌లో రోడ్డుకి బదులు ఇనప జాలీ పరిచి ఉంటుంది, చక్రాల కింద నీళ్లు కనిపిస్తాయి. చిన్నప్పుడు ఒకసారి వాళ్ల నాన్న ఆ జాలీ మీద నడిపితే ఇది వెనక సీట్లో కేరింతలు కొట్టింది. ఇప్పుడు తనే నడుపుతూ దాటాలంది. స్నేహితులందరికీ చెప్పేసుకుంది కూడా.

మా ఆయన ఒప్పుకున్నారు. గేలార్డ్ అనే ఊరిదాకా ఆయన నడుపుతారు, అక్కణ్నుంచి అది నడుపుతుంది. వంతెనదాకా దాని డ్రైవింగ్ నచ్చితే వంతెన దానిది, ఒక్క తప్పు చేసినా తాళాలు ఆయనవి. ఈ షరతు విన్న రోజునుంచి అది ఇల్లంతా గెంతుతూనే ఉంది.

అక్టోబర్ శనివారం పొద్దున బయల్దేరాం. ఆ ఉత్సాహం ఇప్పుడు తలుచుకున్నా నాకు ఒళ్లు నిలవదు. పులిహోర, పెరుగన్నం, గోంగూర పచ్చడి, చేగోడీలు, ఫ్లాస్కులో కాఫీ. చీర మీద నా పాత చలికోటు, కాళ్లకి మనవరాలి స్పోర్ట్స్ బూట్లు వేసుకుని మా అత్తగారు పెళ్లికి తరలివెళ్తున్నట్టు ఎక్కారు. ఉత్తరానికి పోయేకొద్దీ చెట్లు రంగు తిరిగాయి. పసుపు, కుంకుమ, మళ్లీ పసుపు. మాలో ఎవరికీ నోరు మూతపడలేదు. "అదిగో అటు చూడండి", "అయ్యో, అది కాదు, ఇటు", "చూశావా నాన్నా, ఆ చెట్టు?" ప్రతి చెట్టూ ఆయన చూసేదాకా మాకు తృప్తి లేదు. ఆయన కూడా మా మనసు కష్టపెట్టకుండా ప్రతిదీ చూశారు.

గేలార్డ్ దగ్గరపడుతుండగా షాంటిలీ నుంచి మా మరిది ఫోన్ చేశాడు, గ్రీన్‌కార్డ్ సంగతి ఏదో. నేను వెనకనుంచి చెయ్యి చాపి ఫోను ఆయన చెవికి ఆనించాను. అత్తగారు రెండో వైపు నుంచి ముద్ద అందించారు. అప్పుడే రోడ్డు పక్కన ఒక బోర్డు కనబడింది. భూమధ్యరేఖకీ ఉత్తర ధ్రువానికీ సరిగ్గా మధ్య చోటు ఇదేనని రాసి ఉంటుంది దాని మీద. ఆ బోర్డంటే మా ఆయనకి ప్రాణం. నోటినిండా పులిహోరతో, చెవిలో తమ్ముడితో, స్టీరింగ్ మీంచి ఒక చెయ్యి తీసి "అదిగో అదిగో" అని చూపించారు. బండి పక్కకి జరిగి, దారి తప్పితే చప్పుడయ్యేలా రోడ్డంచున చెక్కిన గాడుల మీదికెక్కి గర్రుమంది. ఆయన సర్దుకున్నారు. ముందు సీట్లో ఉన్న మా అమ్మాయి గొంతు పెంచకుండా "డాడీ, లేన్" అంది. "చూస్తున్నాలేమ్మా" అన్నారాయన. అటు ఫోన్‌లో మా మరిది ఏమైందని కూడా అడగలేదు. వాళ్లింట్లో కూడా అంతేనేమో.

గేలార్డ్‌లో పెట్రోలు పోయించుకున్నాక మా ఆయన పక్క సీట్లోకి మారారు. అమ్మాయి సీటు ముందుకి జరుపుకుంది, అద్దాలు సరిచేసుకుంది, బెల్టు పెట్టుకుంది. తాళం తిప్పకుండా వెనక్కి తిరిగింది. తను నడుపుతున్నంతసేపూ ఫోన్లు ఉండవంది, తినిపించడాలు ఉండవంది, చూడు చూడు అనడాలు అసలే ఉండవంది. నాకు చిర్రెత్తింది. మీ నాన్న ఇన్నేళ్లుగా మమ్మల్ని క్షేమంగా తిప్పలేదా అని అడిగాను.

"అమ్మా, క్లాస్‌లో చెప్పారు. డ్రైవ్ చేయాలంటే కళ్లు కావాలి, చేతులు కావాలి, మైండ్ కావాలి. నువ్వు ఫోన్ పెట్టి డాడీ మైండ్ తీస్కున్నావు. అందరూ చూడు చూడు అని కళ్లు తీస్కున్నారు. చేతులొక్కటే మిగిలాయి. ఆ చేత్తో డాడీ బోర్డ్ చూపించాడు."

మా ఆయన కిటికీలోంచి బయటికి చూశారు. నవ్వు ఆపుకుంటున్నారని భుజాలు చెప్పేశాయి. అత్తగారికి మాత్రం కష్టం వేసింది. పెద్దదాన్ని, పిల్లకి ముద్ద పెట్టడం కూడా నేరమేనా ఈ దేశంలో అని గొణుక్కుంటూ డబ్బా మూత బిగించారు.

ఆ తర్వాత వచ్చిన నిశ్శబ్దం గురించి చెప్పాలి. ఊరుకున్నంత ఉత్తమం, బోడిగుండంత సుఖం లేదని మనవాళ్లు ఊరికే అన్నారా అనుకుని పెదవులు బిగించి కూర్చున్నాను. కాని ఎంతసేపు? కొండ దిగుతుంటే లోయంతా నిప్పంటుకున్నట్టు ఎర్రగా ఉంది. చూడమని చెప్పడానికి లేదు. ఒక చెరువులో ఆకాశం మొత్తం దిగి ఉంది. చెప్పడానికి లేదు. నేను అత్తగారి మోచేయి పొడిచి వేలితో చూపించాను, ఆవిడ నా తొడ గిల్లి ఇంకోవైపు చూపించారు. మూగనోము పట్టిన అత్తాకోడళ్లలా అలా మైళ్లకి మైళ్లు సైగలతో నడిపాం. అమ్మాయి చక్కగా నడుపుతోంది. ముందు బండికీ మాకూ మధ్య బోలెడంత ఖాళీ వదిలింది. ఆ ఖాళీలో ఎవరో ఒకరు వచ్చి దూరుతున్నారు, అది మళ్లీ వెనక్కి తగ్గుతోంది. ఇలాగైతే వంతెన చేరేసరికి దీపావళి వస్తుందని నేను మనసులో విసుక్కున్నాను.

రోడ్డు పనులు జరుగుతున్నచోటు వచ్చింది. పక్కనంతా నారింజ రంగు పీపాలు నిలబెట్టారు. మా అత్తగారు అంతవరకూ ఓర్చుకున్నారు. పొద్దుట్నుంచీ పిల్ల ఏమీ తినలేదు, వంతెన ధ్యాసలో టిఫిన్ కూడా ముట్టలేదు. ఆ సంగతి ఆవిడకి ముల్లులా గుచ్చుతోంది. నేను కిటికీ వైపు చూస్తుండగా డబ్బా మూత చప్పుడు కాకుండా తీశారు. పెరుగన్నం ముద్ద చేసి, సీట్ల మధ్యనుంచి చెయ్యి చాపారు.

"ఒక్క ముద్ద, తల్లీ. నువ్వు చూడక్కర్లేదు, నోరు తెరిస్తే చాలు."

ముందున్న బండ్ల వెనక ఎర్ర దీపాలన్నీ ఒక్కసారి వెలిగాయి. మా అమ్మాయి తల తిప్పలేదు, నోరు తెరవలేదు, చేతిని తోసెయ్యలేదు కూడా. గడ్డం పైకెత్తి, నానమ్మ చేతి మీదుగా చూస్తూ బ్రేకు తొక్కింది. బెల్టు నా ఛాతీని వెనక్కి లాగి పట్టింది. ముద్ద ఎగిరి ముందు అద్దానికి తగిలి జారింది. బండి ఆగింది. ముందు బండికీ మాకూ మధ్య ఇంకా జాగా మిగిలే ఉంది. అమ్మయ్య అనుకునేలోపు అమ్మాయి వెనక అద్దంలోకి చూసి, ఆ మిగిలిన జాగాలోకి బండిని ముందుకి పోనిచ్చింది. వెనకనుంచి టైర్ల కీచు వినిపించింది. ఒక పికప్ ట్రక్కు మమ్మల్ని రాసుకుపోయినంత పని చేసి, రెండు పీపాలని పడగొట్టి, పక్క గడ్డిలోకి దిగి, దుమ్ములో మా కిటికీకి సరిగ్గా ఎదురుగా ఆగింది. మా అమ్మాయి అలా ముందుకి పోనివ్వకపోతే ఆ ట్రక్కు మేము కూర్చున్న చోటికి వచ్చి ఉండేది. లోపల మా ఆయన వయసు మనిషి. కుడిచేతిలో ఫోను ఇంకా వెలుగుతోంది. అతను మావైపు చూసి ఏదో అన్నాడు, వినబడలేదు. మొహం పాలిపోయి ఉంది.

మా ఆయన రెండు కాళ్లూ నేలని తొక్కి పట్టి ఉన్నాయి, అక్కడ బ్రేకు ఉన్నట్టు. అత్తగారి చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది. పెరుగంటిన ఆ వేళ్లు పిల్ల కళ్ల ముందు ఉన్నాయి. ఆవిడ ఆ చేతినే చూస్తున్నారు. తర్వాత మెల్లగా వెనక్కి తీసుకుని కోటు జేబులో పెట్టుకున్నారు, పెరుగుతో సహా.

ఈ ముక్క నేను తర్వాత, తలా ఒక వంట తెచ్చుకుని కలిసి తినే పాట్‌లక్కుల్లో ఎన్నోసార్లు చెప్పాను. చాండ్లర్ నుంచి వచ్చిన చుట్టాలకి చెప్పాను, కొత్తగా లైసెన్స్ తీసుకున్న ఎం.ఎస్. పిల్లలకి పట్టుకుని మరీ చెప్పాను. అందరూ పికప్ వాణ్ని తిడతారు. ఆ ఫోన్లున్నాయే ఆంటీ, అంటారు. మా ముద్ద దగ్గరికి వచ్చేసరికి నవ్వుతారు. మీ బండిలో చట్నీ డబ్బా ఎవరి ఒళ్లో ఉంటుంది నాయనా అని అడిగితే అప్పుడు ఆగుతుంది నవ్వు. పికప్ వాడూ మేమూ ఒకటే చేశాం. వాడు తన కళ్లు తనే తీసేసుకున్నాడు, మా పిల్ల కళ్లు మేము తీసేసుకోబోయాం. అది ఇవ్వలేదు, అంతే తేడా.

తర్వాత వచ్చిన రెస్ట్ ఏరియాలో ఆపింది అమ్మాయి. ఇంజన్ కూడా ఆపేసింది. కిందికి దిగి తాళాలు వాళ్ల నాన్న చేతిలో పెట్టి, ఇక నావల్ల కాదు, నువ్వే నడుపు అంది. వంతెన వద్దంది. వెళ్లి చెక్క బల్ల మీద మోకాళ్లు కావలించుకుని కూర్చుంది. మా ఆయన దాని పక్కన నిలబడి, నువ్వు వదిలిన ఖాళీ వల్లే ఆగగలిగాం, నేనైతే అంత వదిలేవాణ్ని కాదు అని చెప్పి చూశారు. అది వినలేదు. నాకు మా అత్తగారి మీద అరవాలనుంది. ఆవిడ మీద అరవలేక మా ఆయన మీద అరిచాను. ఏళ్ల తరబడి నోరు తెరిచి అలవాటు చేసింది మీరు కాదా, బ్రేకుల ఇంజనీరు కదా మీరు, అన్నాను. ఆయన తాళాలు చేతిలో తిప్పుతూ నిలబడ్డారు. వంతెన ఇంకో అరగంట దూరంలో ఉంది, పిల్ల దానివైపు చూడటానికి కూడా ఇష్టపడటం లేదు. అది చూసి నాకు ఏడుపొచ్చింది.

అత్తగారు చేతులు కడుక్కుని, తడి చీర కొంగుకి తుడుచుకుంటూ వచ్చారు. కొడుకు దగ్గర ఆగి, తాళాలు పిల్లకిచ్చెయ్యమన్నారు. ఆయన సందేహించారు. ఆవిడే ఆయన చేతిలోంచి తీసుకుని బల్ల మీద మనవరాలి పక్కన కూర్చున్నారు.

"మీ నాన్న నడిపితే నా చెయ్యి ఊరుకోదే, అమ్మా. నలభై ఏళ్ల అలవాటు. వాడూ వద్దనడు. నువ్వయితే వద్దంటావు. నా చెయ్యి అడ్డమొచ్చినా నువ్వు తల తిప్పలేదు, అందుకే ఇక్కడ కూచుని మాట్లాడుకుంటున్నాం. నువ్వు నడిపితేనే నేనెక్కుతాను, లేకపోతే ఇక్కడే ఉంటాను."

అమ్మాయి తాళాలవైపు చూసింది. అలా బెదిరిస్తే ఎలా నానమ్మా అంది. బెదిరింపు కాదు, బతిమాలటమే అన్నారావిడ. ముందు ఇక్కడ తిను, బండి ఆగే ఉంది కదా అని మిగిలిన పెరుగన్నం కలిపారు. చిన్నప్పుడే ఎవరి చేతి ముద్దా తిననని భీష్మించిన పిల్ల నోరు తెరిచింది. డబ్బా ఖాళీ అయ్యేదాకా తిని, మూతి తుడుచుకుని, తాళాలు తీసుకుంది.

ఈసారి దానిచేత చెప్పించుకోలేదు. డబ్బాలన్నీ డిక్కీలోకి వెళ్లాయి. మా ఆయన తన ఫోనూ నా ఫోనూ ఆపేసి ముందు అరలో పడేశారు. మా మరిది గ్రీన్‌కార్డ్ కోసం అన్నేళ్లు ఆగాడు, ఇంకో గంట ఆగలేడా?

మలుపు తిరగ్గానే వంతెన బురుజులు రెండూ కనబడ్డాయి. మేఘాల్లోకి లేచిన తెల్లటి గుమ్మాల్లా ఉన్నాయి. నా గొంతులో "అదిగో" అనే మాట వచ్చి ఆగింది. మా అత్తగారు నా చెయ్యి పట్టుకున్నారు, ఆవిడ గాజులు నా మణికట్టులో దిగేంత గట్టిగా. బండి వంతెన ఎక్కింది. గాలి పక్కనుంచి తోస్తోంది. అమ్మాయి రెండు చేతులూ స్టీరింగ్ మీద, వీపు నిటారుగా, మెడ అంగుళం కూడా కదలకుండా లోపలి లేన్ పట్టుకుంది. చక్రాలు జాలీ మీదికెక్కి తుమ్మెదల గుంపులా ఝుమ్మన్నాయి. కింద నీళ్లు! ఒకవైపు నీలం, ఒకవైపు ఆకుపచ్చ. ఇంత పొడుగు ఓడ ఒకటి మా కిందనుంచి అగ్గిపెట్టెలా జారిపోతోంది. మా ఆయన నోరు తెరిచారు, పిల్లవైపు చూసి మూసేసుకున్నారు. అంత అందాన్ని అంత గుట్టుగా నేను ఎప్పుడూ చూడలేదు. పక్కకి చూస్తే మా అత్తగారి చెంపల మీద నీళ్లు కారుతున్నాయి, పెదవులు మాత్రం బిగించే ఉన్నాయి.

అవతలి ఒడ్డున టోల్ కట్టాం. అమ్మాయి నీళ్ల పక్కనే ఉన్న పార్కింగ్‌లోకి తిప్పింది, గీతల మధ్య నిలిపింది, ఇంజన్ ఆపింది. స్టీరింగ్ మీంచి వేళ్లు ఒక్కొక్కటిగా తీసింది. అప్పుడు బెల్టు విప్పుకుని, సీట్లో మోకాళ్ల మీద లేచి, మొత్తంగా మావైపు తిరిగింది. మొహం వెలిగిపోతోంది.

"ఓకే, ఇప్పుడు చెప్పండి. ఎలా ఉంది? నేను రోడ్ తప్ప ఏం చూడలే. అంతా చెప్పండి."

ముగ్గురం ఒక్కసారే మొదలుపెట్టాం.